బొమ్మ ఫైనల్ చేసేముందు గొంతు విను

ప్రియమైన అమ్మలూ,

నీ యానిమేషన్ సినిమా కోసం గీసి పంపిన స్కెచ్చులన్నీ చూశాను. తాతయ్య పాత్ర బాగా కుదిరింది. ఆ వంగిన భుజాల్లోనే మనిషి తెలిసిపోతున్నాడు. కానీ మోడల్ షీట్, అదే పాత్రని అన్ని వైపుల నుంచీ గీసిన నమూనా, ఫైనల్ చేసేశానని, డైలాగులు వచ్చే వారం రికార్డ్ చేస్తానని రాశావు. ఆ వరస తిరగెయ్యి తల్లీ. ముందు గొంతు రికార్డ్ చెయ్యి, అది వింటూ మళ్ళీ గియ్యి. గొంతు ఇచ్చే ఆయన పళ్ళ సందులోంచి గొణిగే రకమైతే నువ్వు గీసిన అంత పెద్ద నోటికి పని ఉండదు. సాగదీసి మాట్లాడే మనిషైతే ఆ గడ్డం చాలదు, దవడ కిందికి దిగడానికి చోటు కావాలి. రికార్డ్ చేసేటప్పుడు ఆయన మొహాన్ని ఫోన్‌లో వీడియో కూడా తియ్యి. ఏ మాట దగ్గర కనుబొమ్మలు లేచాయో, ఎక్కడ తల తిప్పారో తర్వాత నువ్వు ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు.

స్కెచ్చుల గురించి ఒకటి రెండు మాటలు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు నిలబడితే సెకనుకి 12 బొమ్మలు. ఒక్క నిమిషానికే 720. తాతయ్య చొక్కాకి నువ్వు పెట్టిన గళ్ళు ఆ 720 సార్లూ గియ్యాలి. గళ్ళు తీసెయ్యి, పాత్రకి ఏ లోటూ రాదు. బొమ్మ మొత్తం నల్లరంగుతో నింపి చూడు. అప్పుడు కూడా తాతయ్యెవరో మనవడెవరో తెలిస్తే ఆకారం నిలబడినట్టే. ఎదురుగా, ముప్పావు వాటం, పక్క నుంచి, వెనక నుంచి గీసిన వరస ఎలాగూ ఉంది. కోపం, విసుగు, నవ్వు ఉన్న మొహాలు ఇంకో షీట్ మీద వెయ్యి. ఆ మీసం మాత్రం కాస్త కత్తిరించు. ఇప్పుడది పై పెదవిని పూర్తిగా కప్పేస్తోంది, పెదాలు మూసుకున్నాయో లేదో చూసేవాళ్ళకి తెలియదు. మీసం అలాగే ఉండాలంటే మాటతోపాటు అది కూడా కదలాలి, అంటే ఇంకో పని.

ఇక నోళ్ళు. ఏ శబ్దానికి నోరు ఎలా ఉండాలో చూపించే మౌత్ చార్టులు నెట్‌లో దొరుకుతాయి, కానీ అవి చాలావరకు ఇంగ్లిష్ కోసం గీసినవి. వాటిని చూసి నేర్చుకో, యథాతథంగా దించెయ్యకు. మనకి పెదాలు గట్టిగా కలిసేది ప, బ, మ దగ్గర. అక్కడ తప్పితే ఎవరైనా పట్టేస్తారు, మిగతాచోట్ల కాస్త అటూ ఇటూ అయినా ఊరుకుంటారు. క, గ, ట, ణ, ళ నోటి లోపలే పలుకుతాయి, వాటికి విడిగా బొమ్మ వెయ్యకు. పక్కనున్న అచ్చు ఆకారంలోనే వదిలెయ్యి. అచ్చులకి దవడ, పెదాలు రెండూ కదలాలి. ఆ అంటే దవడ దిగాలి, ఈ అంటే పెదాల చివర్లు సాగాలి, ఊ, ఓ అంటే పెదాలు గుండ్రంగా ముందుకి రావాలి. పై పళ్ళు పుర్రెకి అతుక్కుని ఉంటాయి కాబట్టి నోరు ఎంత తెరిచినా అవి కదలవు, కింది పళ్ళే దవడతో దిగుతాయి. ఎనిమిది తొమ్మిది నోళ్ళు చాలు, కానీ తల తిరిగే ప్రతి వాటానికీ అవి కావాలి.

నీ స్క్రిప్టులో డైలాగే తీసుకుందాం. "అబ్బ, మళ్ళీ మొదలుపెట్టావా?" రెండు సెకన్లు పట్టిందనుకో, అంటే 48 ఫ్రేములు. ఏ ఫ్రేములో ఏ బొమ్మ రావాలో రాసుకునే ఎక్స్‌పోజర్ షీట్ మీద ముందు పెదాలు మూసుకునే చోట్లు మాత్రం గుర్తుపెట్టు: బ్బ, మ, మొ, పె. బ్బ ద్విత్వం కాబట్టి పెదాలు నొక్కుకుని నాలుగైదు ఫ్రేములు ఆగాలి. తాతయ్య విసుగంతా అక్కడే ఉంది, తొందరపడి దాటెయ్యకు. మిగతా మూడింటికీ రెండేసి ఫ్రేములైనా ఇవ్వు, ఒక్క ఫ్రేముకి మూసి తెరిస్తే కంటికి ఆనదు. మొ దగ్గర పెదాలు మూసుకునేటప్పుడే గుండ్రమవుతాయి, అద్దంలో అని చూసుకో. 'దలు'కి విడివిడిగా నోళ్ళు వేస్తే మొహం టపటపా కొట్టుకున్నట్టుంటుంది. ఆ గుండ్రాన్నే కొంచెం వదులు చేసి మళ్ళీ బిగిస్తే సరి. ట్టా కంటే చివరి వా పెద్దదిగా తెరుచుకోవాలి, ప్రశ్న అక్కడ లేస్తోంది కాబట్టి. రెండూ ఒకే సైజులో వేస్తే మాట చచ్చిపోతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అందుకని వాక్యం అయిపోగానే నోరు టక్కున మూసెయ్యకు, సర్దుకోవడానికి నాలుగైదు ఫ్రేములు ఇవ్వు. ఇంకో సంగతి, నోటి ఆకారం శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందుండాలి. ఆలస్యమైతే మాత్రం డబ్బింగ్ సరిగా కుదరనట్టు కనిపిస్తుంది.

ఇదంతా చెప్పాను గానీ, నోరు ఆఖరున వెయ్యాల్సిన పని. ముందు నోరు లేకుండానే ఆ డైలాగు యానిమేట్ చెయ్యి. 'అబ్బ'కి తల వెనక్కి పోవాలి, 'మళ్ళీ' దగ్గర రెప్ప వాలి లేవాలి, 'వా'కి గడ్డం ముందుకి రావాలి. సౌండ్ ఆపేసి చూసినా ఆయన విసుక్కుంటున్నాడని తెలియాలి. తెలియకపోతే నోళ్ళు ఎంత శ్రద్ధగా అతికించినా లాభం లేదు, ఎందుకంటే చూసేవాళ్ళ చూపు ఎక్కువసేపు కళ్ళ మీదే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ పడకు. క్రిటా, ఓపెన్‌టూన్జ్, బ్లెండర్ మూడూ ఉచితమే, నీకు చెయ్యి అలవాటైనదాంట్లో చెయ్యి. ఆటోమేటిక్‌గా నోళ్ళు పంచే రూబార్బ్ లిప్ సింక్ కూడా ఉచితమే. దాని మామూలు సెట్టింగ్ ఇంగ్లిష్‌కి, తెలుగు డైలాగుకైతే ఫోనెటిక్ అన్నది ఎంచుకో. అది ఇచ్చింది చిత్తుప్రతి అనుకుని, ప, బ, మ లు మాత్రం నువ్వే ఫ్రేము ఫ్రేమూ చూసి దిద్దుకో.

సినిమా మొత్తం మొదలుపెట్టకముందే, రికార్డింగ్ కాగానే ఆ ఒక్క డైలాగు నోరు లేకుండా టెస్ట్ చేసి పంపు. పెన్సిల్ గీతలైనా పర్వాలేదు, రంగులు వద్దు. చూసి వెంటనే రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న