ఇద్దరు ఆడవాళ్ళకి పుట్టిన బిడ్డది ఎవరి పోలిక?

ఇద్దరు ఆడవాళ్ళు గానీ ఇద్దరు మగవాళ్ళు గానీ తమ ఇద్దరి రక్తం పంచుకున్న బిడ్డని కనగలరా అని అడిగారు. మనుషుల్లో ఇంకా కుదరలేదు, ఎలుకల్లో కుదిరింది. అక్కడితో ఆపేయొచ్చు గానీ, మా ఇంట్లో రెండేళ్ళుగా నలుగుతున్న ప్రశ్న ఇది.

మా పాపకి పదకొండు నెలలు. అండం నా భార్యది, మోసి కన్నది నేను, వీర్యం దాతది. మేముండే ఇంగ్లండ్‌లో ఇది చట్టబద్ధమే. బర్త్ సర్టిఫికెట్‌లో నేను తల్లిని, తను పేరెంట్.

కాన్పుకి అమ్మ తెనాలి నుంచి వచ్చింది. సూట్‌కేసులో సగం పథ్యం పొడులే. ఒకరోజు బాత్రూంలో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపని వాటి మీద పడుకోబెట్టి నూనె రాస్తోంది. నా భార్య పక్కన చెంబుతో నీళ్ళు పోస్తోంది. అమ్మ పాప ముక్కుని రెండు వేళ్ళతో సాగదీస్తూ "అచ్చం మీ మేనత్త ముక్కేనే" అంది. నాకు నోట మాట రాలేదు. పాపలో మా వాళ్ళ జీన్ ఒక్కటీ లేదు. అదంతా అమ్మకి బొమ్మ గీసి మరీ చెప్పాను. నేను తేరుకునేలోపే నా భార్య "అవునత్తయ్యా, నాకూ అలాగే అనిపించింది" అంది. తను మలయాళీ, తెలుగు నా కోసం నేర్చుకుంది. ఆ రాత్రి పాపని నిద్రపుచ్చాక చాలాసేపు ఏడ్చింది. ఆ ముక్కు తన చిన్నప్పటి ఫొటోలో ఉన్న ముక్కే.

మర్నాడు ఆ ఫొటో అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది. స్నానం వేళకి పాపని తెచ్చి నా భార్యకి ఇచ్చి "నువ్వే కాళ్ళ మీద వేసుకో, నీళ్ళు నేను పోస్తా" అంది.

అమ్మ నయం. కొందరు చుట్టాలైతే "అంటే నువ్వు అద్దె గర్భమా?" అని ఫోన్లోనే అడిగారు. తొమ్మిది నెలలు వాంతులు పడి, ఇప్పుడు రాత్రంతా పాలిస్తున్న మనిషిని అడిగే మాటేనా అది?

అందుకే ఎలుకల వార్తలు నేను వదలకుండా చదువుతాను. 2004లో జపాన్‌లో ఇద్దరు తల్లులకి పుట్టిన ఎలుక పేరు కగుయ. 457 అండాలతో మొదలుపెడితే పెరిగి పెద్దయింది అదొక్కటే. చిక్కంతా ఎక్కడంటే, కొన్ని జీన్స్ తండ్రి నుంచి వస్తేనే పనిచేస్తాయి, కొన్ని తల్లి నుంచి వస్తేనే. 2023లో జపాన్ శాస్త్రవేత్త హయాషి బృందం మగ ఎలుక కణాల నుంచి అండాలు తయారుచేసింది. 630 పిండాలు పెడితే ఏడు పిల్లలు పుట్టాయి. 2025లో అమెరికాలోని ఒరెగాన్‌లో మనిషి చర్మకణం కేంద్రకంతో అండాలు చేశారు గానీ, క్రోమోజోములు సరిగ్గా విడిపోలేదు. అయినా పదిహేనేళ్ళలో ఇది మనుషుల దాకా వచ్చి తీరుతుంది. నాకు అనుమానమే లేదు.

మన దేశంలో అయితే సైన్స్ కన్నా ముందు చట్టమే అడ్డు. 2022లో, ఇక్కడికి రాకముందు, హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళాం. ఒంటరి మహిళనని రాస్తే నాకు ఐవీఎఫ్ చేస్తారట, "మీ ఫ్రెండ్ అండం మాత్రం కుదరదు మేడమ్" అన్నారు. ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం దాత ఎవరో తెలియకూడదు. తను బయట కుర్చీలో కూర్చునుంది. సరోగసీ మాలాంటి జంటలకి లేనే లేదు. జంటగా దత్తత కూడా కుదరదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 3-2తో తేల్చింది. ఆ కేసు వేసినవాళ్ళలో హైదరాబాద్ జంట కూడా ఉంది. ఆ రోజు నేను ఆఫీసులో పని చేయలేకపోయాను.

మీరిద్దరూ ఆడవాళ్ళయి ముప్పై దాటి ఉంటే మాత్రం జపాన్ వైపు చూస్తూ కూర్చోకండి. ముప్పై ఐదు దాటాక అండాలు త్వరగా తగ్గిపోతాయి. మాకు దొరికినవి తొమ్మిది, పిండాలుగా నిలిచినవి రెండు. ఒకటి పాప. రెండోది ఫ్రీజర్‌లో ఉంది, ఈసారి తను మోస్తానంటోంది.