జప్పా సంగీతం రికార్డులో తలనొప్పిగా ఉంటే కచేరీకి వెళ్ళడం దండగేనా?

అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా పాటలు ఇంట్లో వింటే గందరగోళంగా ఉన్నాయని, ఆయన స్మారక కచేరీకి టికెట్ కొనాలా వద్దా అని అడిగారు. నాదీ మొదట ఇదే సందేహం. బెర్లిన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో సహోద్యోగి పోరు పడలేక బాడ్ డోబెరాన్ వెళ్ళాను.

బాల్టిక్ సముద్రం దగ్గర చిన్న ఊరది. ఇప్పటికీ వీధి మధ్య నుంచి ఆవిరి రైలు పోతుంది. అమెరికావాడైన జప్పాకు, ఆ ఊరికి చుట్టరికం ఏమీ లేదు. బెర్లిన్ గోడ కూలిన మరుసటి ఏడాది, 1990లో, తూర్పు జర్మనీ అభిమానులు అక్కడ ఆయన పేరిట ‘జప్పనాలే’ సంగీతోత్సవం మొదలుపెట్టారు. ఊళ్ళో ఆయన విగ్రహం కూడా ఉంది. కచేరీలు గుర్రప్పందేల మైదానంలో. నేను వెళ్ళిన రోజు వాన, మడమల దాకా బురద.

జప్పా 1963లో అమెరికా టీవీలో సైకిలును వాద్యంగా వాయించి చూపించిన మనిషి. రాక్, జాజ్, ఆర్కెస్ట్రా సంగీతం, బూతు హాస్యం అన్నీ ఒకే పాటలో కలిపేవాడు. రికార్డులో అదంతా అల్లరిలా వినిపిస్తుంది. ఎదురుగా చూసినప్పుడే అందులోని లెక్క తెలిసింది.

చిన్నప్పుడు నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నాను, అది అక్కరకొచ్చింది. ఆ రోజు బృందంవాళ్ళు జప్పా రాసిన ‘ది బ్లాక్ పేజ్’ వాయించారు. కాగితం స్వరాలతో నల్లబడిపోయిందని ఆ పేరు. మామూలు నడకలో సాగుతూనే ఒకచోట ఐదు, ఇంకోచోట పదకొండు దెబ్బలు ఇరికిస్తాడు. అలవాటుగా తొడ మీద తాళం వేయబోయి మూడో ఆవర్తనంలోనే, అంటే తాళం మూడో చుట్టులోనే, తప్పిపోయాను. వాళ్ళు మాత్రం అందరూ ఒకేసారి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి వాలారు. మన కర్ణాటక కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో చివరి ముక్తాయింపు పడినప్పుడు సభ మొత్తం ‘ఆహా’ అంటుందే, సరిగ్గా అదే ‘ఆహా’ అక్కడా లేచింది, జర్మన్ గొంతుల్లో.

ఇంకొకటి. జప్పా తన బృందాన్ని చేతి సైగలతో నడిపేవాడు. తల పక్కన జడ పేనుతున్నట్టు వేళ్ళు తిప్పితే, ఉన్నపళంగా జమైకా సంగీతమైన రెగ్గే నడకలోకి మారిపోవాలి. ఆ రోజు బృంద నాయకుడు అదే సైగ చేశాడు. పాట మారిపోయింది, మేమంతా పగలబడి నవ్వాం. రికార్డులో ఈ సైగ ఎలా కనిపిస్తుంది?

మన వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ 1978లో జప్పాతో కలిసి వేదికపై వాయించారని నాకు ఆ తర్వాతే తెలిసింది. వినగానే పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

కాబట్టి టికెట్ కొనండి. వెళ్ళే ముందు 1969 నాటి ఆయన ఆల్బమ్ ‘హాట్ రాట్స్’ వినండి, అందులో మాటలు తక్కువ. మాటలున్న పాటల్లో బూతులు బాగా ఉంటాయి, అమ్మానాన్నలను వెంట తీసుకెళ్ళాలనుకుంటే ఒకసారి ఆలోచించుకోండి. ముందు వరుస కోసం తోసుకోకుండా, డ్రమ్ముల కళాకారుడి చేతులు కనిపించే పక్కన నిలబడండి.