గాలం వేసేవాళ్లకు, గూళ్లున్న చోట

ఎండలు ముదిరేకొద్దీ సీమ చెరువుల కట్టల మీద గాలాలు పెరుగుతాయి. పక్షులు పిల్లల్ని సాకే కాలం కూడా అదే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఈ రెంటికీ ముడిపడినవే ఎక్కువ కాబట్టి వాటినే తీసుకున్నాం.

ప్రశ్న: వీరాపురం కొంగలు మా ఊరి చెరువుకే మేతకొస్తాయి. ఆదివారం పూట మేం నలుగురం అక్కడే గాలాలు వేస్తాం. ‘కొంగలు బెదురుతాయి, వద్దు’ అని ఊరి పెద్దలంటున్నారు. ఒడ్డున కదలకుండా కూర్చునేవాళ్లతో కొంగలకేం ఇబ్బంది?
– ఒక పాఠకుడు, హిందూపురం ప్రాంతం

జవాబు: ఏ ఒడ్డున కూర్చున్నారన్నదే అసలు సంగతి. ముందుగా ఒక మాట. వీటిని సైబీరియా కొంగలని చాలామంది అంటారు, పేపర్లలోనూ రాస్తారు. కాదు, ఇవి మన దేశంలోనే పుట్టి పెరిగే ఎర్రకాళ్ల కొంగలు. జనవరి ప్రాంతంలో వీరాపురం చేరి, ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక వానాకాలంలో వెళ్లిపోతాయి. పిల్లలకు మేత మోయాల్సిన రోజులూ, మన చెరువులు ఎండే రోజులూ ఒకటే.

ఈ కొంగ చేపను చూసి పొడవదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, తల అటూ ఇటూ తిప్పుతూ, కాలితో అడుగు కెలుకుతూ నడుస్తుంది. ముక్కు లోపల చేప తగిలిందా, టక్కున మూస్తుంది. ఇలా మేయాలంటే మోకాటి లోతుకు మించని నీళ్లు కావాలి. చెరువులో అలాంటి నీళ్లు కట్ట పక్కన దొరకవు. ఎగువన, వాగు వచ్చి కలిసే వైపు పలచగా పరుచుకుని ఉంటాయి. కాబట్టి మీరు కట్ట మీద, తూముకు అటో ఇటో కూర్చోండి. లోతు అక్కడే ఉంటుంది, ఎండకు పెద్ద చేప చేరేదీ అక్కడికే. ఎగువ అంచు పూర్తిగా కొంగలకు వదిలేయండి. అటువైపు నడిచి వెళ్లి గాలం విసరడం, బండి దింపి కడగడం, రెండూ వద్దు.

మేసే గుంపుకు, గూళ్లున్న చెట్టుకు వంద మీటర్ల దూరం లెక్క పెట్టుకోండి. కొలవక్కర్లేదు, పక్షే చెబుతుంది. మేత ఆపి మెడలు నిటారుగా ఎత్తి మీవైపు చూస్తున్నాయంటే దగ్గరికొచ్చేశారు. ఒకటి రెండు నడుచుకుంటూ పక్కకు జరుగుతున్నాయంటే ఇంకొంచెంలో గుంపంతా లేస్తుంది. మెడలు ఎత్తినప్పుడే వెనక్కి తగ్గితే మళ్లీ తల దించి మేతలో పడతాయి.

చెరువు ఎండి నడుమ ఒక మడుగు మిగిలిందనుకోండి, అప్పుడు పెద్దల మాటే సరి. అక్కడ కట్ట వైపు, ఎగువ వైపు అనే తేడా ఉండదు. మీరెక్కడ కూర్చున్నా కొంగ దిగదు. ఆ నెలా నెలన్నర గాలాలు అటక మీద పెట్టండి. ఇంకో విషయం, చెరువు మత్స్యకార సహకార సంఘం చేతిలో ఉంటే చేప వాళ్లది. అడిగి వేయండి.

ప్రశ్న: మైలవరం జలాశయంలో వేసవికి నీళ్లు తగ్గి ఇసుక దిబ్బలు బయటపడతాయి. దిబ్బ మీది నుంచి వేస్తే గాలం లోతుకు పడుతుంది. కానీ తెల్లటి పిట్టలు అరుస్తూ నెత్తి మీదికి దూసుకొస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: మీ కాళ్ల దగ్గర వాటి గుడ్లున్నాయి కాబట్టి. నల్ల టోపీ పెట్టినట్టుండే తల, పసుపు ముక్కు, చీలిన తోక ఉంటే అవి నది మీద తిరిగే రేవు పిట్టలు. ఫిబ్రవరి నుంచి మే దాకా, నీళ్లు చుట్టూ ఉండి కుక్కా నక్కా రాలేని దిబ్బలు చూసుకుని గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, ఇసుకలో చిన్న గుంట. రెండో మూడో గుడ్లు, ఇసుక రంగు మీద గోధుమ మచ్చలు. వంగి వెతికినా కనబడవు, తొక్కేదాకా తెలియదు.

తొక్కకపోయినా నష్టం జరుగుతుంది. ఏప్రిల్ ఎండలో తల్లి గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం కాదు, నీడ కోసం. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మీరు దిబ్బ మీద ఉన్నంతసేపూ అది గాల్లోనే తిరుగుతుంటే, మీరు పాదం పెట్టలేని ఆ ఇసుకలో గుడ్డు లోపలి పిల్ల చచ్చిపోతుంది. తల్లి లేవగానే కాకి కూడా దిగుతుంది.

అందుకని ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వానల దాకా దిబ్బలెక్కకండి. ఒడ్డు నుంచే, రాతి గట్టు ఉన్న వైపు నుంచి వేయండి. మైలవరం ఒక్కటే కాదు, గండికోట వెనక జలాలకు, సుంకేశుల పైన తుంగభద్ర ఇసుకకు, శ్రీశైలం వెనక జలాలకు కూడా ఇదే వర్తిస్తుంది. శ్రీశైలం వైపు కొంత భాగం పులుల అభయారణ్యం కిందికి వస్తుంది, అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఒడ్డుకు దిగడమే తప్పు.

తెలియక దిబ్బ ఎక్కేశారా? పిట్టలు దూసుకొస్తున్నప్పుడు అటూ ఇటూ పరుగెత్తకండి. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి రండి. ఒక చిన్న పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పోతుంటే అది నటన. గుడ్ల నుంచి మిమ్మల్ని దూరంగా తీసుకెళ్తోంది. జాలిపడి పట్టుకోబోవద్దు.

ప్రశ్న: గాలానికి సీసం గుండ్లు వాడకూడదంటున్నారు. కర్నూలులో దుకాణంలో అడిగితే సీసమే ఇస్తున్నారు. వేరే దారేముంది? తెగిన దారం సంగతేమిటి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బాతులు, కొన్ని నీటిపక్షులు గింజలు నలగడానికి చిన్న రాళ్లు మింగి పొట్టలో ఉంచుకుంటాయి. నీటి అడుగున రాలిన చిన్న సీసం గుండు వాటికి రాయిలాగే కనబడుతుంది. పొట్టలో అది అరిగి రక్తంలో కలుస్తుంది. పక్షి మెడ వాలుస్తుంది, తిండి దిగదు, చిక్కి చస్తుంది. బ్రిటన్‌లో హంసలు ఇలా చచ్చిపోతున్నాయనే 1987లో చిన్న సీసం గుండ్ల అమ్మకం ఆపేశారు.

హార్డ్‌వేర్ దుకాణంలో ఇనుప నట్టు కొనండి. పది ఎంఎం నట్టు సుమారు 10 గ్రాములు, పన్నెండు ఎంఎంది 15 పైచిలుకు తూగుతుంది. జిలేబికి, జెల్లకు, బంగారుతీగకు చెరువులో ఇది చాలు. సీసం కన్నా ఇనుము తేలిక, కాబట్టి అదే బరువుకు గుండు కాస్త లావవుతుంది. గాలిలో కొంచెం తక్కువ దూరం పోతుంది, అంతే.

నట్టును అసలు దారానికే కట్టేస్తే ఒక తంటా ఉంది. అడుగున మొద్దుకు తట్టుకుందంటే మీరు లాగినప్పుడు దారం ఎక్కడో పైన తెగి, పది ఇరవై మీటర్లు నీళ్లలో ఉండిపోతుంది. అసలు దారం 0.30 ఎంఎం అయితే నట్టును జానెడు 0.20 ఎంఎం దారంతో విడిగా వేలాడదీయండి. తట్టుకుంటే ఆ జానెడే తెగుతుంది, నట్టు పోతుంది, గాలం మీ చేతికొస్తుంది. అల్లిన దారం పక్షులున్న చోట వద్దే వద్దు. అది తెగదు, కాలికి చుట్టుకుంటే మాంసంలోకి దిగుతుంది.

చిక్కుపడిన దారం కోసం మూతకు గాటు పెట్టిన లీటరు సీసా ఒకటి సంచిలో ఉంచండి. దారాన్ని జానెడు లోపు ముక్కలు చేసి అందులో వేసి ఇంటికి తీసుకెళ్లండి. తుమ్మకొమ్మకు తగులుకున్న దారం మీది కాకపోయినా తీయండి. రాత్రికి కొంగలు వాలేది ఆ కొమ్మ మీదే.

ప్రశ్న: మొన్న చెరువులో నీటికాకి గాలానికి తగులుకుంది. దారం కోసి వదిలేస్తే ఎగిరిపోయింది. చేసింది సరేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాదు. దారంతో ఎగిరిన పక్షి రాత్రికి చెట్టెక్కుతుంది. దారం కొమ్మకు చుట్టుకుని, తెల్లారేసరికి తలకిందులుగా వేలాడుతుంది. దారం కోయకుండా పక్షిని ఒడ్డుకు తెచ్చుకోవాలి.

కర్ర కిందికి దించి, ఆగి ఆగి మెల్లగా చుట్టండి. ఇంకొకరు తువ్వాలుతో గానీ చేతివలతో గానీ నీటి అంచున సిద్ధంగా ఉండాలి. దగ్గరికి రాగానే తువ్వాలు తల మీద కప్పండి, చీకటి పడితే పక్షి గింజుకోదు. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోండి, రొమ్ము మాత్రం నొక్కకండి. పక్షి ఊపిరి తీయాలంటే రొమ్ము ఎముక కదలాలి.

ముక్కు దగ్గర పక్షిని బట్టి పట్టు మారుతుంది. కొంగ కంటికే గురిపెట్టి పొడుస్తుంది, అందుకే దాని ముక్కునే ముందు పట్టుకోవాలి. నీటికాకికి, గూడబాతుకు ముక్కుపుటాలు మూసుకుని ఉంటాయి, నోటితోనే ఊపిరి తీస్తాయి. వాటి ముక్కు బిగించి మూస్తే మీ చేతిలోనే చస్తాయి. ముక్కు రెండు దవడల మధ్య వేలు అడ్డం పెట్టి పట్టుకోండి.

కొక్కెం వచ్చిన దారిన లాగకండి, మొన వెనక వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు మాంసం చీల్చుకుని వస్తుంది. మొనను ముందుకే తోసి బయటికి రప్పించి, ముల్లును కటింగ్ ప్లేయరుతో తుంచి, అప్పుడు వెనక్కి తీయండి. ముల్లును ముందే నొక్కి చదును చేసిన కొక్కెమైతే ఈ బాధే లేదు. చేప తగిలాక దారం సడలనివ్వకపోతే ముల్లు లేకపోయినా చేప జారదు. వదిలేముందు రెక్కల కింద, కాళ్ల మధ్య దారం మిగిలిందేమో చూడండి. గాల్లోకి విసరొద్దు, నీళ్ల వైపు తిప్పి నేల మీద పెట్టండి. నీటికాకి పోయి రాయి మీద రెక్కలు చాచి నిలబడితే కంగారుపడకండి, ఆరబెట్టుకుంటోంది.

కొక్కెం మింగేసి ఉంటే లాగొద్దు. బయట రెండడుగుల దారం ఉంచి కోసి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి, నీళ్లూ మేతా ఏమీ పెట్టకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. అటవీశాఖ వారికి కబురు చేయండి. ఇంట్లో ఉంచుకుని సాకడం చట్టప్రకారం నేరం.

అసలు తగులుకోకుండా చూడాలంటే, పాతిక మీటర్ల లోపల పక్షి మునుగుతున్నంతసేపు గాలం విసరకండి. ఎర పైపైనే తేలే మొదటి క్షణాల్లోనే పక్షి అందుకుంటుంది. మిగిలిన ఎర నీళ్లలో విసిరే అలవాటు కూడా మానాలి, అది పక్షుల్ని మీ దగ్గరికి పిలవడమే.

ప్రశ్న: జనవరిలో రాజహంసలు చూడ్డానికి పులికాట్ వెళ్తున్నాం. గాలాలు కూడా తీసుకెళ్లొచ్చా? సముద్రంలో వేట నిషేధం గాలానికీ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: సరస్సుకైతే వద్దమ్మా. పులికాట్, నేలపట్టు రెండూ పక్షుల అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల చేప పట్టడం కూడా నేరమే. సరస్సు మీద బతికే పల్లెకారుల సంగతి వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మీదుగానే వెళ్తుంది. రోడ్డు దిగకుండా చూస్తే చాలు, దుర్భిణి ఉంటే ఇంకా మేలు. నేలపట్టులో గూడబాతులు పిల్లలతో ఉండేదీ ఆ రోజుల్లోనే.

గాలం సరదా తీరాలంటే నెల్లూరు వైపు మైపాడు లాంటి బహిరంగ తీరానికి వెళ్లండి. పోటు నీళ్లు పైకి వచ్చినప్పుడు ఉల్లంకి పిట్టలు పొడి ఇసుక మీద గుంపుగా ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. నిద్రపోతున్నట్టుంటాయి గానీ అది దూరప్రయాణానికి కూడబెట్టుకునే విశ్రాంతి. గుంపు మధ్యగా నడవకుండా చుట్టు తిరిగి పోండి. పిల్లల్ని వాటి మీదికి తరమనివ్వకండి.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది యంత్రపు పడవలకు, మోటారు పడవలకు. ఒడ్డున నిలబడి వేసే గాలానికి వర్తించదు. ఆ రోజుల్లో ఎవరైనా మోటారు పడవలో తీసుకెళ్తామంటే ఎక్కకండి.