కారు కోడ్‌ను దాచే కోర్సు కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి నల్గొండలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. కార్లలోని ఫర్మ్‌వేర్‌ను (చిప్‌లలో ఉండే ప్రోగ్రాంను) ఇతరులు విప్పి చదవకుండా చేసే 'అబ్‌ఫస్కేషన్' కోర్సుకు హైదరాబాద్ వెళ్తానంటున్నాడు. ఎంబెడెడ్ సి (ఇలాంటి చిప్‌ల కోసం సి భాషలో ప్రోగ్రాం రాయడం) కంటే అది మేలైతే అప్పు చేసైనా చేర్పిస్తాను. సీఎస్ఈ ఇప్పించకపోవడం మా తప్పేమోనని దిగులుగా ఉంది. – ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: మీ చివరి వాక్యానికే ముందుగా జవాబు చెబుతాను. ఈసీఈలో చేర్పించడం తప్పు కాదు. మైక్రోకంట్రోలర్ (యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్ చిప్), క్యాన్ బస్ (కారులోని చిప్‌లు మాట్లాడుకునే తీగల దారి), డీబగ్ పోర్టు (చిప్ లోపలి పనిని పరీక్షించే ద్వారం) తెలిసినవారికే కారు ఫర్మ్‌వేర్ పని దగ్గరవుతుంది. ఆ పునాది అతని బ్రాంచిలోనే ఉంది. బంధువుల పిల్లల జీతాలు చూసి నల్గొండ, పాలమూరు తల్లిదండ్రులు ఏటా నన్ను ఇదే అడుగుతారు. మూడో సంవత్సరంలో ఉన్న పిల్లవాడి ఎదుట ఈ మాట అంటే అతని ధైర్యం దెబ్బతినడం తప్ప మరేమీ జరగదు కనుక దయచేసి మానండి.

అబ్‌ఫస్కేషన్ అంటే ప్రోగ్రాం చేసే పని మారకుండా దాని నడకను అంతుచిక్కనట్టు చేయడం: ఫంక్షన్ల పేర్లు తీసేస్తారు, ఎప్పుడూ నిజమే అయ్యే షరతులను జొప్పిస్తారు, వరుసగా సాగే కోడ్‌ను ముక్కలు చేసి ఒక పెద్ద 'స్విచ్' ఆదేశం చుట్టూ తిప్పుతారు. దీనితో విప్పేవాడికి శ్రమ పెరుగుతుందే గాని దారి మూసుకుపోదు. కంపైల్ అయిన ప్రోగ్రాంను విప్పి చూపే గిద్రా వంటి శక్తిమంతమైన సాధనం 2019 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. పైగా మెలితిప్పిన కోడ్ పెద్దదవుతుంది, నెమ్మదిస్తుంది. మిల్లీసెకన్లలో స్పందించవలసిన బ్రేకు కంట్రోలర్‌లో, వాహనాల భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 26262 ప్రకారం భద్రతను పరీక్షించి నిరూపించవలసిన చోట, ఆ భారాన్ని ఇంజినీర్లు తేలికగా ఒప్పుకోరు.

2015లో ఇద్దరు పరిశోధకులు జీప్ చెరోకీ కారును దూరం నుంచే అదుపులోకి తీసుకున్నాక, సుమారు 14 లక్షల వాహనాలను కంపెనీ వెనక్కి పిలిచింది. అక్కడ ప్రధాన లోపం కోడ్ చదవడానికి వీలుగా ఉండటం కాదు. మొబైల్ నెట్‌వర్క్ వైపు ఒక పోర్టు తెరిచి ఉంది, క్యాన్ బస్‌తో మాట్లాడే చిప్ డిజిటల్ సంతకం (కోడ్ అసలు కంపెనీదేనని తెలిపే గుర్తు) సరిచూడకుండానే మార్చిన ఫర్మ్‌వేర్‌ను స్వీకరించింది. అందుకే సెక్యూర్ బూట్ (అసలైన కోడ్ అని తేలితేనే చిప్ మొదలవడం), సంతకాల తనిఖీ, డీబగ్ పోర్టుకు తాళం వేయడం ముందు వస్తాయి. అబ్‌ఫస్కేషన్ వాటిపైన వేసే అదనపు పొర. ఆ పొర ఒక్కటే నేర్పి ఉద్యోగం ఖాయమనే ప్రకటనను నేను నమ్మలేను.

అప్పుకు సిద్ధపడిన మీరు, అబ్బాయికి సీలో పాయింటర్లు (మెమరీ చిరునామాలతో పని చేసే పద్ధతి) బాగా వచ్చా అని ఒక్కసారైనా అడిగారా? ఎంబెడెడ్ సి ముందు రావాలి, అందులో నాకు సందేహం లేదు. అప్పు మాట పక్కన పెట్టి, ఒక చిన్న డెవలప్‌మెంట్ బోర్డు (చిప్‌పై ప్రోగ్రాం రాసి ప్రయత్నించే సర్క్యూట్ పలక) కొనివ్వండి. తాను రాసిన ప్రోగ్రాంను కంపైల్ చేసి, పేర్లు తీసేసి, గిద్రాలో తెరిచి, తన కోడ్ తనకే ఎంతవరకు అర్థమవుతుందో చూడమనండి. ఆ పనిలో అతనికి నిజమైన ఇష్టం కనబడితే నాలుగో సంవత్సరం మొదట్లో మళ్లీ రాయండి. కోర్సు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.