కొలెస్ట్రాల్ నార్మల్ అని వచ్చింది, మరి నాన్నకు ఈ మతిమరుపు ఎందుకు?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇది. దేవరకొండ దగ్గర ఊళ్లో ఉండే మీ నాన్నకు 71 ఏళ్లు, చాలా ఏళ్లుగా బీపీ, షుగర్. నిరుడు మూతి వంకరపోయి, కుడి చెయ్యి పట్టు తప్పి, కొద్ది రోజుల్లోనే సర్దుకుంది. అప్పుడు కొలెస్ట్రాల్ తగ్గించే అటార్వాస్టాటిన్, రక్తం పలచబడే గోలీ రాశారు. ఈ మధ్య మతిమరుపు మొదలైంది, నడక మందగించింది. లిపిడ్ ప్రొఫైల్‌లో మొత్తం కొలెస్ట్రాల్ 168, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 150, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 104 అని వచ్చి ల్యాబ్‌వాళ్లు నార్మల్ అన్నారు. మీ చిన్నాయనేమో "ఆ కొవ్వు గోలీతోనే మెదడు ఎండిపోతుంది, బంద్ చేయండి" అంటున్నారు. ఆపొచ్చా, ఇంకేం పరీక్షలు చేయించాలి అన్నది ప్రశ్న.

ఆపకండి. పక్షవాతం ఒకసారి తొంగిచూసి పోయిన మనిషికి ఆ గోలీ ఇంట్లోవాళ్లు సొంతంగా ఆపేది కాదు. ఏం మార్చినా డాక్టర్‌తో మాట్లాడాకే.

నేను డాక్టర్‌ను కాను. మిర్యాలగూడలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇంట్లో మా అత్తమ్మకు రక్తనాళాల వల్ల వచ్చే మతిమరుపు, డాక్టర్లు వాస్క్యులర్ డిమెన్షియా అంటారు. అందుకే రిపోర్టు ఇచ్చే వైపూ తెలుసు, చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చునే వైపూ తెలుసు.

ముందు ఆ ‘నార్మల్’ సంగతి. రిపోర్టులో అంకె పక్కన ఉండే హద్దులు అందరికీ ఒకటే అచ్చు. మీ నాన్నకు నిరుడు ఏం జరిగిందో ఆ కాగితానికి తెలియదు. పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ సాధారణంగా 70 లోపు ఉంచమంటారు, మరీ ముప్పు ఎక్కువున్నవాళ్లకు 55 లోపు. ఆ లెక్కన 104 ఆయనకు ఎక్కువే. పైగా అది గోలీ వాడుతుండగా వచ్చిన అంకె. అటార్వాస్టాటిన్ మధ్యరకం డోసుకే ఎల్‌డీఎల్ 30 నుంచి 50 శాతం దాకా పడిపోతుంది. మొదలుపెట్టక ముందటి రిపోర్టు ఉంటే వెతికి పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దగా తేడా లేదంటే డోసు చాలడం లేదన్నా కావాలి, గోలీ కడుపులోకి పోవడం లేదన్నా కావాలి. నాకు రెండోదే అనుమానం. మతిమరుపు ఉన్న మనిషిని "గోలీ వేసుకున్నవా" అని అడిగి ఊరుకుంటే ఏం తెలుస్తుంది? మా అత్తమ్మ "ఏసుకున్న బిడ్డా" అని ధీమాగా చెప్పేది. పొద్దున పక్క దులిపితే గోలీలు రాలేవి.

ఇక మీ చిన్నాయన మాట. మెదడులో కొవ్వు ఎక్కువన్నది నిజమే, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో సుమారు అయిదో వంతు అక్కడే ఉంటుంది. అయితే ఆ కొలెస్ట్రాల్‌ను మెదడు తనకు తానే తయారు చేసుకుంటుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ మెదడు గడప దాటి లోపలికి పోలేదు. కాబట్టి రక్తంలో తగ్గిస్తే మెదడు ఎండుతుందన్న లెక్క కుదరదు. అలాగని ఆ భయం గాలిలోంచి పుట్టిందీ కాదు. స్టాటిన్ (అటార్వాస్టాటిన్ ఆ కోవ గోలీయే) వాడే కొందరిలో మతిమరుపు కనిపించవచ్చని, ఆపితే పోతుందని 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే లేబుల్ మీద రాయించింది. కానీ అది అరుదు. ప్రాస్పర్ అనే ట్రయల్‌లో 70 నుంచి 82 ఏళ్ల వాళ్లు అయిదు వేలకు పైగా ఉన్నారు. మూడేళ్లకు పైగా చూసినా స్టాటిన్ వేసుకున్నవాళ్ల జ్ఞాపకశక్తికి, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్ల జ్ఞాపకశక్తికి తేడా రాలేదు. అంటే చెడగొట్టలేదు, బాగు చేయనూ లేదు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి. మీ నాన్న ఆ గోలీ వేసుకునేది పోయిన జ్ఞాపకం తెచ్చుకోవడానికి కాదు, ఇంకో పక్షవాతం రాకుండా ఉండటానికి.

ఆ ‘ఇంకోటి’ ఎందుకు ముఖ్యమో మా ఇంట్లో చూశాం. మా అత్తమ్మకు పేర్లన్నీ గుర్తుండేవి, పెళ్లినాడు ఎవరు ఏం పెట్టారో కూడా చెప్పేది. తప్పిపోయింది పని వరస. జొన్నరొట్టె చేయడానికి కూర్చునేది. పిండిలో వేడినీళ్లు పోసి కలిపి, ముద్ద చేతిలో పట్టుకుని, పెనం కాగి పొగ వస్తున్నా అట్లనే చూస్తూ ఉండేది. రొట్టె తట్టడం చేతులకు వచ్చు, ఇప్పుడు తట్టాలన్నది తోచేది కాదు. కొన్ని నెలలు ఉన్నట్టే ఉండి, ఒక జ్వరం తర్వాత ఒక మెట్టు కిందికి దిగేది. మళ్లీ కొన్నాళ్లు అక్కడే. అల్జీమర్స్ అనే ఇంకో రకం మతిమరుపు జబ్బులో అయితే మామూలుగా కొత్త విషయాలు మరిచిపోవడంతో మొదలై నిదానంగా జారుతుంది. రక్తనాళాల మతిమరుపులో ఆలోచన మందగించడం, నడక చిన్న చిన్న అడుగులు కావడం, మూత్రం ఆపుకోలేకపోవడం ముందుగా కనిపించవచ్చు. ముసలితనంలో రెండూ కలిసి ఉండటం కూడా మామూలే.

నడక గురించి ఒక మాట. మన నల్గొండ వైపు ఎవరైనా కాళ్లు ఈడ్చి నడిస్తే ఫ్లోరైడ్ నీళ్ల మీదికే పోతుంది మనసు. మర్రిగూడ, మునుగోడు వైపు పుట్టి పెరిగినవాళ్ల విషయంలో అది అన్యాయమైన అనుమానం కాదు. మా అత్తమ్మది కూడా అట్లనే అనుకుని మోకాళ్లకు నూనెలు రాశారు. కానీ ఫ్లోరోసిస్‌లో వెన్ను, కీళ్లు బిగుసుకుంటాయి, నొప్పి ఉంటుంది. నొప్పి లేకుండా అడుగులు నేలకు అతుక్కున్నట్టు పడుతుంటే మెదడు వైపు చూడాలి. ఎంఆర్‌ఐ తీస్తే లోపలి సన్న రక్తనాళాలు మూసుకుపోయిన చోట చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. వాటిలో చాలావరకు ఎప్పుడొచ్చాయో ఎవరికీ తెలియదు, చేయీ పడిపోలేదు, మాటా పోలేదు. మీ నాన్నకు మళ్లీ ఎంఆర్‌ఐ కావాలా అన్నది నరాల డాక్టర్ చెప్పాలి. నల్గొండలో చూపించుకోవచ్చు, తేలకపోతే హైదరాబాద్‌లో నిమ్స్‌కు పోండి.

పరీక్షల్లో నేను ముందు అడిగేది విటమిన్ బీ12, థైరాయిడ్. ఈ రెండింటి లోపంతో వచ్చే మతిమరుపు మందుతో వెనక్కి మళ్లే అవకాశం ఉంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, గ్యాస్ గోలీలు రోజూ మింగేవాళ్లలోనూ అంతే. మా అత్తమ్మ రెండూ వాడేది, మాంసం కూడా పండగలకే. బీ12 సూదులు పడ్డాక అరికాళ్ల మంటలు తగ్గాయి, మనిషిలో కొంత చురుకు వచ్చింది. పని వరస మాత్రం తిరిగి రాలేదు.

బీ12 అంకె 200 నుంచి 300 మధ్య ఊగిసలాడితే హోమోసిస్టీన్ అనే ఇంకో రక్తపరీక్ష రాస్తారు. బీ12, ఫోలేట్ అనే మరో బీ విటమిన్ తగ్గితే రక్తంలో ఈ హోమోసిస్టీన్ పెరుగుతుంది, అది పెరిగినవాళ్లలో పక్షవాతం, డిమెన్షియా ఎక్కువ. ఇక్కడ ల్యాబ్ మనిషిగా ఒక గుట్టు చెప్తాను. ఈ నమూనాను ఐస్‌లో పెట్టి, గంటలోపే కణాలను వేరు చేయాలి. లేకపోతే ట్యూబులోని ఎర్ర కణాలే హోమోసిస్టీన్‌ను వదులుతూ పోతాయి, అంకె ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. మన చిన్న టౌన్లలో తీసిన రక్తం హైదరాబాద్‌కు పోతుంది. ఎండాకాలం బస్సు డిక్కీలో పోయిన ట్యూబుకు 22 లాంటి ఎక్కువ అంకె వచ్చిందంటే నేను నమ్మను. రక్తం తీసేటప్పుడే "ఇక్కడే సెంట్రిఫ్యూజ్ చేసి (మిషన్‌లో తిప్పి కణాలు వేరు చేసి) పంపుతారా" అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. నిజంగానే ఎక్కువుంటే బీ విటమిన్లతో అంకె దిగుతుంది. అయితే అంకె దిగినంత మాత్రాన గుండెపోట్లు తగ్గాయని పెద్ద ట్రయల్స్‌లో తేలలేదు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు 2010లో చూపించింది ఏమిటంటే, కొద్దిపాటి మతిమరుపు ఉండి హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్లలో ఈ విటమిన్లతో మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గిందని. లోపం ఉంటే తీర్చుకోవాలి. లేనివాళ్లు విటమిన్ డబ్బాలు కొనుక్కోవడం దండగ.

ఇంకొకటి, కొంచెం ఇబ్బందిగా ఉన్నా అడుగుతున్నా. మీ నాన్న కల్లు తాగుతారా? చెట్టు కింది కల్లు వేరు. దుకాణం కల్లులో అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలుపుతారన్నది మనకు తెలియనిది కాదు. రోజూ అది పడే మనిషికి మగత, మరుపు, నడకలో తూలు అన్నీ వస్తాయి. కానీ ఒక్కసారిగా మాన్పించొద్దు. వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. నిద్ర గోలీలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు గోలీలు ఉంటే అవీ సంచిలో వేసుకుని పోయి చూపించండి.

ట్రైగ్లిజరైడ్ల విషయానికి వస్తే మీ నాన్నకు 150, హెచ్‌డీఎల్ 34. షుగర్, పొట్ట ఉన్న మన మగవాళ్ల రిపోర్టుల్లో రోజూ చూసే జంటే ఇది, ఒకటి ఎక్కి రెండోది దిగి ఉంటుంది. కొన్నిసార్లు రక్తం తిప్పాక పైన తేలే సీరం లేత పసుపు రంగులో ఉండాల్సింది మజ్జిగలా తెల్లగా వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు చాలా ఎక్కువున్నాయని మిషన్‌లో పెట్టకముందే తెలిసిపోతుంది. చిన్న ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేస్తారు. మీ రిపోర్టులో 168లోంచి 34, 30 తీస్తే 104, సరిగ్గా అదే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు డైరెక్ట్ ఎల్‌డీఎల్ అడగాలి. లేదా మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేసి చూసుకోవచ్చు, దానికి ఖాళీ కడుపు కూడా అక్కర్లేదు.

నూనె గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక్క మాట. పామాయిల్ ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉంటుంది. మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ ఉండదు, అదేం గొప్ప కాదు. పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వు, ఎల్‌డీఎల్‌ను పెంచేది అదే. పల్లి నూనెలో అది అయిదో వంతుకు మించదు. వనపర్తి వైపు మా చుట్టాలు సొంత పల్లీలు గానుగ పట్టించుకుని, గానుగ నూనె కదా అని దోసిళ్లతో పోసుకుంటారు. అదీ పద్ధతి కాదు.

ఇవన్నీ చెప్పాను గానీ, మీ నాన్నకు ఒక్క అంకె మాత్రమే పట్టుకునే ఓపిక ఉందంటే నేను బీపీనే పట్టుకుంటాను. సన్న నాళాలను ఏళ్ల తరబడి నలగ్గొట్టేది అది. డాక్టర్ ఎంత లోపు ఉండాలో చెప్పాక ఇంట్లో మిషన్ పెట్టుకుని చూసి రాయండి. ఏఎన్ఎం వచ్చినప్పుడు ఒకసారి చూస్తే చాలదు.

చివర్లో మీకు 44 అని, మీకే జబ్బూ లేదని రాశారు. నాకు ఎక్కువ పట్టింపు అక్కడే. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మార్చుకోదగ్గ డిమెన్షియా కారణాల జాబితాలో ఎక్కువ ఎల్‌డీఎల్‌ను కొత్తగా చేర్చింది, అదీ నడివయసులో ఉన్న ఎల్‌డీఎల్‌ను. 70 దాటాక ఆ అంకె డిమెన్షియా గురించి పెద్దగా చెప్పదు. డిమెన్షియా బయటపడటానికి ముందే చాలామందిలో బరువు, కొలెస్ట్రాల్ రెండూ దిగుతూ వస్తాయి. మీ నాన్నను ముంచింది ఇవాళ్టి 104 కాదు, ఎవరూ పరీక్ష చేయించని ఆ పాతికేళ్ల కిందటి అంకె అయి ఉండొచ్చు. ఆ వయసులో మీరిప్పుడు ఉన్నారు. బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ ఈ నెలలోనే చేయించుకోండి. దాంతోపాటు జీవితంలో ఒక్కసారి లైపోప్రొటీన్-ఏ (ఎల్‌డీఎల్ లాంటి ఇంకో కొవ్వు కణం) చూపించుకోండి. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, తిండితో మారదు, డెసీలీటరు రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటితే మిగతావన్నీ మరింత గట్టిగా అదుపులో పెట్టమంటారు. అల్జీమర్స్ ముప్పు కోసం చేసే ఏపీఓఈ జీన్ టెస్ట్ మాత్రం వద్దనే చెప్తాను. ఆ జీన్‌లో ఈ4 అనే రకం ఉంటే అల్జీమర్స్ ముప్పు పెరుగుతుంది నిజమే, కానీ ఉన్నవాళ్లందరికీ రాదు, లేనివాళ్లకు రాదనీ కాదు. తెలిసి చేసేది కూడా పై పనులే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాయించుకుంటే ప్రభుత్వ ల్యాబ్ అయిన తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో లిపిడ్ ప్రొఫైల్ ఉచితంగానే అవుతుంది. లైపోప్రొటీన్-ఏకు ప్రైవేటు ల్యాబ్ చూసుకోవాల్సి రావచ్చు.