పెళ్లయ్యాక ఇంటిపేరు మార్పు: అమెరికా వీసాకి ముందా, వెళ్లాకా?

అడిగినది ఇది: విశాఖలో ఈమధ్యే పెళ్లయింది, మీవారు అమెరికా పౌరుడు, భార్యని తీసుకెళ్లడానికి ఆయన అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లకి పెట్టాల్సిన ఐ-130 పిటిషన్ ఇంకా వేయలేదు. పాస్‌పోర్ట్ పుట్టింటి పేరు మీద ఉంది. ఇప్పుడే అత్తింటి పేరుకి మార్చుకోవాలా, మార్చకపోతే వీసా ఆగుతుందా?

ఆగదు. పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారి తీరాలని మన చట్టం అనదు, అమెరికా వాళ్లూ అనరు. మార్చుకోవాలని ఉంటే మాత్రం సమయం చూసుకుని మార్చుకోండి. ఐ-130 పోస్టు చేయకముందు మార్చుకోవచ్చు, లేదా అక్కడికి చేరాక తీరిగ్గా మార్చుకోవచ్చు. మధ్యలో మాత్రం వద్దు.

మధ్యలో మారిస్తే ఏమవుతుందో చూడండి. పిటిషన్ పాత పేరుతో ఉంటుంది. ఆన్‌లైన్‌లో నింపే వీసా దరఖాస్తు డీఎస్-260 ఒకసారి సబ్మిట్ చేశాక మీ అంతట మీరు దిద్దలేరు, తిరిగి తెరవమని నేషనల్ వీసా సెంటర్‌కి రాయాలి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ మీదా, మెడికల్ రిపోర్టు మీదా పాత పాస్‌పోర్ట్ నంబరే పడి ఉంటుంది. క్లియరెన్స్‌కి మళ్లీ 500 రూపాయలు కట్టి కొత్తది తెచ్చుకోవాలి. ఇంటర్వ్యూ రోజున వీసా పూర్తిగా తిరస్కరించరుగానీ, కాగితాలు సరిపోలేదని చెప్పే 221(జి) కాగితం చేతిలో పెట్టి, అన్నీ ఒకే పేరు మీదకి తెచ్చాక పంపమంటారు. పొరపాటు పెద్దది కాదు, పోయేవి వారాలు.

మీరు ఇంకా ఏదీ వేయలేదు కాబట్టి ఇప్పుడే మార్చుకునే వీలుంది. ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించండి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఇద్దరి టెన్త్ మెమోలు, అడ్రస్ ప్రూఫ్‌లు, సంతకానికి ముగ్గురు సాక్షులు కావాలి. సింహాచలం కొండ మీద పెళ్లి చేసుకున్నాం, దేవస్థానం రసీదు ఉంది కదా అంటే వీసాకి అది చాలదు, రిజిస్ట్రార్ సర్టిఫికెట్టే కావాలి. అందులో మీ పేరు పుట్టింటి పేరుతోనే వస్తుంది. అలాగే రావాలి కూడా, పాత పేరుకీ కొత్త పేరుకీ మధ్య వంతెన ఆ కాగితమే. శుభలేఖలో ముద్దుపేరు వేయించారని రిజిస్టర్‌లో అది రాయనివ్వకండి. టెన్త్ మెమోలో ఏ అక్షరాలున్నాయో అవే ఉండాలి, ఇనిషియల్స్ విప్పి రాయించాలి.

కొత్త ఇంటిపేరు ఎక్కడినుంచి తీసుకుంటున్నారో చూసుకోండి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, పాస్‌పోర్ట్ ఫారంలో దానికి వేరే గడి ఉంది. చిన్నప్పుడు ఎవరో నింపిన ఫారం వల్ల చాలామంది మగవాళ్ల పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ‘వెంకట రమణ’ ఉంటుంది, అసలు ఇంటిపేరు గివెన్ నేమ్‌లో ఉంటుంది. అత్తింటి పేరనుకుని ఆ గడి చూసి దింపేస్తే మీకు మిగిలేది మీవారి పేరే. మీవారి పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున 44 అక్షరాల చొప్పున రెండు వరుసలుంటాయి. పై వరుసలో జంట బాణం గుర్తుకి ముందున్నదే బయటి దేశాల కంప్యూటర్లకి సర్‌నేమ్. ‘గొర్లె’ అని తెలుగులో రాసేది ఇంగ్లిష్‌లో ఒకరు చివర ‘ఇ’ అక్షరంతో, ఇంకొకరు ‘ఐ’ అక్షరంతో రాస్తారు. మీవారి అమెరికా పాస్‌పోర్ట్‌లో ఉన్న స్పెల్లింగే మీదీ కావాలి, మామగారి ఆధార్‌లోది కాదు.

తర్వాత ఆధార్. పేరు మార్పుకి జీవితంలో రెండే అవకాశాలిస్తారు, ఒకటి అక్షరదోషానికి ఇప్పటికే వాడేసి ఉంటే జాగ్రత్త. ఆధార్ మారాక పాన్ కూడా మార్చుకోండి, రెండూ తేడాగా ఉంటే బ్యాంకు దగ్గర చిక్కొస్తుంది. ఆపైన పాస్‌పోర్ట్. దాన్ని దిద్ది ఇవ్వరు, కొత్త పుస్తకమే ఇస్తారు. అప్లికేషన్‌లో రీ-ఇష్యూ ఎంచుకుని, కారణం దగ్గర వ్యక్తిగత వివరాల మార్పు అని పెట్టాలి. 36 పేజీలది 1,500 రూపాయలు, తత్కాల్ అయితే పైన మరో 2,000. మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్లేటప్పుడు పాత పాస్‌పోర్ట్, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్సులు, పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్ పట్టుకెళ్లండి. ‘ఏ’ కౌంటర్లో ఫొటో, వేలిముద్రలు తీసుకునేటప్పుడు స్క్రీన్ మీద మీ వివరాలు చూపిస్తారు. సర్‌నేమ్, గివెన్ నేమ్ అక్షరం అక్షరం చదువుకోండి. వెనక లైనుందని తొందరపడి తలూపారంటే మళ్లీ 1,500. పోలీస్ ఎంక్వైరీ ఫారంలో రాసిన అడ్రసుకే వస్తుంది. పుట్టింట్లో ఉంటూ శ్రీకాకుళం అత్తగారి అడ్రస్ రాస్తే కానిస్టేబుల్ వచ్చేసరికి మీరు అక్కడ ఉండరు. పాత పుస్తకం మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు, పారేయకండి.

టెన్త్ మెమో, ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ జోలికి వెళ్లక్కర్లేదు. మన డిగ్రీ అక్కడి ఏ డిగ్రీకి సమానమో తేల్చే ఇవాల్యుయేషన్ వాళ్లు పేరు తేడా చూస్తే పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు, అంతే. ఐ-130లోనూ, డీఎస్-260లోనూ ఇంతకుముందు వాడిన పేర్ల గడిలో పుట్టింటి పేరు తప్పక రాయండి. పాత పాస్‌పోర్ట్‌లో విజిటర్ వీసా ఉంటే, పేరు మారాక కొత్త వీసా తీసుకోమనే అమెరికా విదేశాంగ శాఖ సలహా ఇస్తుంది.

నన్నడిగితే మాత్రం ఇప్పుడు ఏమీ మార్చొద్దంటాను. పుట్టింటి పేరుతోనే వెళ్లండి. వీసా మీద ఉన్న పేరే గ్రీన్ కార్డు మీద వస్తుంది. సోషల్ సెక్యూరిటీ కార్డు కావాలా అని డీఎస్-260లోనే అడుగుతుంది, అవునంటే అదీ ఆ పేరుతోనే వస్తుంది. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో వాళ్లు ఇమిగ్రేషన్ రికార్డుతో సరిచూస్తారు కాబట్టి అన్నీ ఒకటైతే మాటా మంతీ లేకుండా పనైపోతుంది. పెళ్లయి రెండేళ్లు నిండకముందు అక్కడ దిగితే రెండేళ్ల కార్డే ఇస్తారు, గడువు తీరే ముందు 90 రోజుల్లో, ఆ కార్డు మీది షరతు తీసేయమని కోరే ఐ-751 ఫారం వేయాలి. పేరు మార్చుకోవాలంటే అప్పుడు కలిపి అడగొచ్చు. ఇంకా ఆగగలిగితే సిటిజన్‌షిప్‌కి ఎన్-400 వేసేటప్పుడు ఆ ఫారంలోనే కొత్త పేరు కోరవచ్చు, కోర్టులో జరిగే ప్రమాణం రోజున జడ్జి ఆమోదిస్తారు. అప్పటిదాకా గ్రీన్ కార్డు ఒక పేరు, భారత పాస్‌పోర్ట్ ఇంకో పేరు కాకుండా చూసుకోండి. విశాఖ వచ్చిపోయే ప్రతిసారీ చెకిన్ కౌంటర్ దగ్గర పెళ్లి సర్టిఫికెట్ తీసి చూపించే పని తప్పుతుంది.

మీ పేరులో రెండు మాటలుంటే ఇంకో సంగతి. ‘సాయి లిఖిత’ అక్కడ ‘సాయి’ అయిపోతుంది, రెండో మాటని మిడిల్ నేమ్‌గా పక్కకి తోసేస్తారు. పాస్‌పోర్ట్ ఎలాగూ మార్చుతున్నవాళ్లు రెండు మాటలూ కలిపి రాయించేద్దామనుకుంటారు. అది ఇంటిపేరు మార్పు కాదు, అసలు పేరు మార్పు. పెళ్లి సర్టిఫికెట్ దానికి పనికిరాదు, అఫిడవిట్, పేపర్ ప్రకటనలు కావాలి.

ఇది చదివే మిగతావాళ్లకి: కెనడాలోని క్యుబెక్ రాష్ట్రానికి వెళ్లేవాళ్లు ఆశ పెట్టుకోకండి, 1981 నుంచి అక్కడ పెళ్లి పేరుతో భర్త ఇంటిపేరు తీసుకోవడం కుదరదు. గల్ఫ్ వైపు వెళ్లేవాళ్లు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందేమో చూసుకోండి. ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌లకి యూఏఈ 2022 నవంబర్ నుంచి విజిట్ వీసా ఇవ్వడం లేదు.