భువనేశ్వర్ హాస్టల్‌కి వెళ్తున్న పిల్లకి

పర్లాకిమిడి

అమ్మలూ,

నీకు భువనేశ్వర్‌లో బీటెక్ సీటు వచ్చిందని వీధిలో కనబడిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను. రాత్రి పడుకుంటే మాత్రం నిద్ర పట్టడం లేదు. బకెట్టు, దుప్పటి, తాళంకప్ప, సర్టిఫికెట్ల జిరాక్సులు మీ అమ్మ చూసుకుంటుంది. ఒడియా నీకు బాగా వచ్చు, ఎక్కడికి వెళ్లినా దారి తప్పవు. నాకు బెంగ వేరే ఉంది.

నువ్వు పుట్టి పెరిగింది గజపతి జిల్లాలో. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ వందకి సుమారు 38 మంది క్రైస్తవులు. ఒడిశా మొత్తం తీసుకుంటే వందకి ముగ్గురు కూడా లేరు. కొండ మీద సవర గిరిజనుల పల్లెల్లో చర్చిలు, ఊళ్లో మన తెలుగు ఆరాధన, క్రిస్మస్‌కి ఇంటింటికీ వచ్చే పాటల గుంపు చూసి లోకమంతా ఇంతే అనుకున్నావు. ఒక్క ఆదివారం రాకపోతే సాయంత్రానికి నలుగురు అడుగుతారు, "పిల్లకి ఒంట్లో బాగోలేదా?" అని. అదీ ఒత్తిడే కదమ్మా! మనకి అనుకూలంగా ఉంది కాబట్టి దానికి ఆ పేరు పెట్టం. ఇన్నాళ్లూ నిన్ను చర్చికి నడిపించినదాంట్లో నీ విశ్వాసం ఎంతో, మా కళ్ల భయం ఎంతో నీకు తెలియదు, నాకూ తెలియదు. అక్కడ తెలుస్తుంది.

ఎవరైనా తాగమని బలవంతం చేస్తే అది ర్యాగింగ్. యూజీసీ 2009 నిబంధనల్లో దానికి శిక్షలున్నాయి. వార్డెన్‌కి చెప్పు, నాకూ చెప్పు. ఎదురుగా కనబడే తప్పుని ఎదిరించడం తేలికే. మీ మావయ్యకి జరిగినట్టు జరగకూడదని నా భయం. వాడిని అడిగే రాస్తున్నాను.

వాడు చదువుకని బరంపురం వెళ్లిన రోజుల్లో ఇక్కణ్ణుంచి నౌపడా దాకా చిన్న రైలు, అక్కడ మారి పెద్ద రైలు. మొదటి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే గదిలో కుర్రాళ్లు "ఎక్కడికిరా?" అన్నారు. ఎగతాళి ఏమీ లేదు, ఊరికే అడిగారు. వీడు "చుట్టాలింటికి" అన్నాడు. ఎందుకన్నాడో వాడికే తెలియదట, నోటికి అలా వచ్చేసిందట. అంతే, ప్రతి ఆదివారం చుట్టాలింటికే. కొన్నాళ్లకి వాళ్లు "మమ్మల్నీ భోజనానికి తీసుకెళ్లరా" అని మొదలెట్టారు. లేని చుట్టాల్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? చర్చికి వెళ్లడం మానేశాడు. బైబిలు పెట్టె అడుక్కి వెళ్లింది. సెలవులకి ఇంటికొస్తే నాన్నకి "వెళ్తున్నాను, ప్రసంగాలు బాగుంటాయి" అని చెప్పేవాడు. అక్కడో అబద్ధం, ఇక్కడో అబద్ధం. రెండిటినీ కాపాడుకోవడంతోనే వాడి చదువు రోజులన్నీ గడిచిపోయాయి. తాగలేదు, చెడిపోలేదు, మంచి ఉద్యోగం చేశాడు. ప్రార్థన చేసేవాళ్ల మధ్య కూర్చోవాలంటేనే సిగ్గుపడేవాడు, అంతే.

తాతగారి భూస్థాపనకి ఆ స్నేహితులు వచ్చారు. సమాధి దగ్గర సిలువ చూసి వాళ్లలో ఒకాయన వీడి భుజం మీద చెయ్యేసి, "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా? మేం ఏమనుకుంటామని?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. తండ్రి పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు వాడు.

అందుకని, మొదటి ఆదివారం ఎవరైనా "ఎక్కడికే?" అంటే "చర్చికి" అని చెప్పేసెయ్. ఇంకేమీ అక్కర్లేదు, అప్పటికప్పుడు సాక్ష్యం చెప్పనక్కర్లేదు.

గణేశ్ పూజ, సరస్వతీ పూజ వస్తాయి, చందా అడుగుతారు. పూజలో కూర్చోనని మెల్లగా చెప్పు. కుర్చీలు మొయ్యి, వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వు. వాళ్ల దేవుణ్ణి ఒక్క మాట అన్నావని తెలిస్తే బస్సెక్కి వచ్చి చెవి మెలేస్తాను. ప్రసాదం తినొచ్చా అంటావా, విగ్రహాలకి పెట్టిన దాని గురించి పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం నుంచి పదో అధ్యాయం దాకా నువ్వే చదువు, నువ్వే తేల్చుకో. నేను తినను. బొట్టు గురించి మీ అమ్మకి టెన్షన్, వీడియో కాల్‌లో ముందు నీ నుదురే చూస్తుంది. నా భయాల్లో బొట్టు లేదు.

మనవాళ్ల గుంపులోనూ జాగ్రత్త. యేసు శిష్యుడు పేతురు చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే యేసుని ఎరగనన్నాడు, అది అందరికీ తెలుసు. అదే పేతురు తర్వాత అంతియొకయలో యూదులు కాని అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి యూదు విశ్వాసులు రాగానే పక్కకి తప్పుకున్నాడు. ఆ రెండోసారి భయపెట్టింది సొంత సంఘమే. నీ హాస్టల్ ప్రార్థన గుంపులో "గట్టిగా అరిస్తేనే ఆత్మ ఉన్నట్టు, ఫలానా పిల్లతో మాట్లాడకు" అంటే, వాళ్ల మాటా తలొంచి వినకు.

నేను బి.ఎడ్.లో చదివిన ఒక సంగతి ఇన్నాళ్లకి పనికొచ్చింది. 1950ల్లో సోలమన్ యాష్ అనే ఆయన అమెరికాలో గీతల పొడవు పోల్చమని పరీక్షలు పెట్టాడు. గదిలో మిగతావాళ్లంతా కావాలని తప్పు చెబితే, కళ్లెదుట సరైనది కనబడుతున్నా చాలామంది ఏదో ఒకసారి ఆ తప్పే చెప్పారు. ఒక్కడు నిజం చెప్పేవాడు తోడుంటే ఆ లొంగడం బాగా తగ్గిపోయింది. దానియేలుకీ ముగ్గురు స్నేహితులున్నారు కదా బబులోనులో. నీకు ఒక్కతె చాలు. అవకాశం ఉంటే మన కొండ పల్లె పిల్లల్ని వెతుక్కో. వాళ్ల ఒడియాని ఎవరైనా వెక్కిరిస్తే నవ్వేవాళ్లలో నువ్వు ఉండకు.

ఎప్పుడైనా చర్చికి వెళ్లకపోతే "వెళ్లలేదు పెద్దమ్మా" అని చెప్పు. ఎందుకని అడగను. సరే, అడుగుతాను, తిట్టను.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. బొట్టు సంగతి చదివితే నాతో నెలరోజులు మాట్లాడదు.

మీ పెద్దమ్మ